వలకు లోపలున్న పాలపిట్టకు

సత్యనారాయణపురం,
విజయవాడ.

గుడ్డ పాలపిట్టా,

ఉభయకుశలోపరి. నా మోకాళ్ల సంగతి వదిలేస్తే ఇక్కడంతా బాగానే ఉంది. నువ్వు బాగానే ఉంటావు, నీకు ఆకలా, దప్పికా! మూడడుగుల దూరంలో వేలాడుతున్నదానికి ఉత్తరం ఎందుకంటావేమో. పైకి మాట్లాడితే మా ఆవిడ వింటుంది. ఆవిడకి ఇప్పటికే నా మీద కొన్ని అనుమానాలున్నాయి.

ముందు నీ మీద నా ఫిర్యాదు విను. నీ మూలంగా నేను పక్షిప్రేమికుణ్ణని అపార్ట్‌మెంట్ అంతా నమ్మేసింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బాల్కనీలోకి తొంగి చూసి, "మాస్టారికి పిట్టలంటే ఎంత ప్రాణమో" అంటారు. నీ వెనకాల ఏముందో ఒక్కరూ చూడరు. నీ వెనకాల ఉన్నది పావురాల వల. కిందటేడు ఇద్దరు మనుషుల్ని పిలిపించి, బాల్కనీ చుట్టూ కొక్కేలు కొట్టించి, మూలల్లో వేలు పట్టే సందు కూడా లేకుండా దగ్గరుండి బిగించుకున్నాను. ఆ మర్నాడే నిన్ను తెచ్చి దానికే తగిలించాను. రావద్దన్న పిట్టలు బయట, రాలేని పిట్ట లోపల.

పావురం తప్పూ ఉందిలే. ఏసీ డబ్బా వెనకాల నాలుగు పుల్లలు పడేసి అదే గూడంటుంది. ఎండబెట్టిన వడియాల మీద నడుస్తుంది. దాని రెట్ట బాల్కనీ గచ్చు మీద పడితే చీపురుకట్ట అరిగిపోవాలి గానీ మరక పోదు. నువ్వు అలా కాదు. నీకు రెట్ట లేదు. నీలో ఉన్న సుగుణాలన్నీ ఇలాంటివే, ఫలానాది లేదు, ఫలానాది చెయ్యదు అని.

నీ పుట్టుక గురించి నీకు తెలియదు కదా, చెబుతాను. అది అంత గౌరవంగా జరగలేదు.

నీలం గుడ్డ కోసం వన్‌టౌన్ వస్త్రలతకి వెళ్లాను. తానుల లెక్కన అమ్మేవాళ్ల దగ్గర జానెడు ముక్క అడిగితే ఎలా చూస్తారో అలాగే చూశారు. బీసెంట్ రోడ్డు దగ్గర ఒక మ్యాచింగ్ సెంటర్‌లో కుర్రాడు మాత్రం ఓపిక చేసుకుని, "ఏ చీర మీదకి సార్?" అన్నాడు.

"చీర మీదకి కాదు బాబూ, పాలపిట్ట మీదకి."

వాడు ఒక్క క్షణం ఆగి, "ఆనందా బ్లూ ఇమ్మంటారా, నెమలికంఠమా?" అన్నాడు. వ్యాపారం అంటే అదీ. రెండూ కొన్నాను. రెండూ నీ రంగు కాదు. ఆ మాటకొస్తే అసలు పాలపిట్టకీ నీలం రంగు లేదు. దాని ఈకలో నీలం అనే పదార్థమే ఉండదు. ఈక లోపలి సన్నటి అల్లికలో వెలుగు చెదిరి మన కంటికి నీలంగా కనిపిస్తుందంతే. పైగా ఆ పిట్ట కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపూ మట్టిరంగు వీపుతో ఒద్దిగ్గా, పెళ్లిలో మూల కుర్చీలో కూర్చున్న దూరపు చుట్టంలా ఉంటుంది. ఎగిరినప్పుడు చూడాలి ఆ రెక్కల్ని. నువ్వు ఎలాగూ ఎగరవు కాబట్టి నీకు రెక్కలు విప్పే కుట్టేశాను. పొద్దస్తమానం ఎగురుతున్న వాలకం, వీసమెత్తు ఎగిరింది లేదు.

వీపు విషయంలో ఇంట్లో కొంత గొడవైంది.

"ఏమండీ, నా ఇటుకరంగు మంగళగిరి జాకెట్టు ముక్క కనబడటం లేదు, చూశారా?"

"చూశాను."

"ఎక్కడ?"

"ఎగురుతోంది."

ఆ తర్వాత రెండ్రోజులు కాఫీ నేనే పెట్టుకున్నాను.

కుట్టడం తెలియనివాళ్లు పిట్టని కుట్టడం తేలికనుకుంటారు. రెండు పక్కలకి రెండు ముక్కలు, కింద పొట్ట ముక్క ఒకటి, అంతేగా అని. కష్టమంతా మెడ దగ్గర వంపులో ఉంటుంది. అక్కడ కుట్టుకి బయట మిగిలిన గుడ్డకి వరసగా గాట్లు పెట్టాలి. పెట్టకపోతే లోపలిది పైకి తిరగేశాక ముడతలు పడి, పిట్ట కాస్తా బోర్లాపడ్డ బత్తాయిపండులా తయారవుతుంది. గాటు పెట్టేటప్పుడు కత్తెర మొన కుట్టుకి ఒక నూలు ఇవతలే ఆగాలి. నా చెయ్యి ఆగలేదు. నీ రొమ్ము కింద ఎడమవైపు కుట్టు దాకా తెగింది. పైకి కనబడదులే అని పైపైన రెండు టాకాలు వేసి వదిలేశాను. ఈ సంగతి నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మొన్నే వచ్చింది, దానికి తర్వాత వస్తాను.

దూది మా అమ్మ తలగడలోది. అసలైన బూరుగు దూది. ఈ రోజుల్లో అందరూ ఫైబర్ కూరుతున్నారు, ఉండలు కట్టదు, ఉతకొచ్చు, అన్నీ నిజమే. బూరుగు దూదైతే ఫ్యాను కింద ముట్టుకోవడానికి లేదు. మే నెలలో, బెజవాడలో, ఫ్యాను ఆపుకుని, పాత పెన్సిలు వెనక కొసతో ముందు నీ ముక్కులోకి, తర్వాత తలలోకి, ఆఖర్న పొట్టలోకి కూరాను. కళ్లు మాత్రం చివరికి అట్టేపెట్టాను. ముందే పూసలు కుట్టేస్తే, పొట్టలో పెన్సిలు పెట్టి పొడుస్తున్నంతసేపూ నన్నే చూస్తున్నట్టుంటుంది.

ఇదేమీ నేను కనిపెట్టిన విద్య కాదు. మా నాయనమ్మ ఉయ్యాల మీద వేలాడదీసే గుడ్డ చిలకలు కుట్టేది. ఎర్ర ముక్కు, ఆకుపచ్చ ఒళ్లు, మధ్యమధ్య పూసల దండ. మా ఇంట్లో పుట్టిన ప్రతివాడూ చూపు నిలిచాక ముందు చూసిన పిట్ట గుడ్డ పిట్టే. అసలు మనవాళ్లకి పిట్ట కంటే పిట్ట పేరంటేనే మక్కువ ఎక్కువ. చొక్కా తగిలించే మేకు చిలక్కొయ్య. చుట్టిన తమలపాకులు చిలకలు. డాబా చుట్టూ కట్టేది పిట్టగోడ. ఆ పిట్టగోడ మీద నిజంగా పిట్ట వాలితే మాత్రం "హుష్" అంటాం.

కిందటి దసరాకి నీకు జరిగిన మర్యాద గుర్తుందా? విజయదశమినాడు పాలపిట్టని చూస్తే మంచిదని కదా. దాని కోసం నున్న వైపు మామిడితోటల దాకా ఎవరు పోతారు, ఆ ట్రాఫిక్‌లో! 'మాస్టారింట్లో ఉంది' అని వాట్సాప్‌లో పెట్టారెవరో. తొమ్మిదిగంటలకల్లా మెట్ల మీద చెప్పులు. సెక్రటరీగారి అమ్మగారు నీ ముందు నిలబడి చెంపలేసుకుని, "గుడ్డదైతే పుణ్యం వస్తుందంటావా నాయనా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. మా ఆవిడ ఆదుకుంది. "సాయంత్రం కృష్ణలో దుర్గమ్మని ఊరేగించే హంస మాత్రం నిజం హంసా పిన్నిగారూ, పడవే కదా?" ఆవిడ తృప్తిగా వెళ్లారు. నేను మాత్రం ఆ జవాబు మీద ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఒక్క విషయంలో నువ్వు నయం. దసరా వస్తే నిజం పాలపిట్టని పట్టి పంజరంలో పెట్టి, చూపించి డబ్బులడిగేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నిన్ను ఎన్నేళ్లు వేలాడదీసినా నా మీద కేసు ఉండదు. నీకు రాష్ట్రపక్షి హోదా కూడా లేదు మరి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఉద్యోగం మీ జాతిదే. 2014లో పంపకాలయ్యాక తెలంగాణవాళ్లు మిమ్మల్ని అట్టేపెట్టుకున్నారు. ఇవతల మనం 2018లో రామచిలుకని తీసుకున్నాం. కాబట్టి ఇక్కడ నువ్వు పొరుగు రాష్ట్రం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినట్టు లెక్క.

ఒకప్పుడు నేనూ నిజంగానే పిట్టల కోసం తిరిగినవాణ్ణే, అపహాస్యం చెయ్యకు. ఆదివారం తెల్లారకుండా గుంటూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఉప్పలపాడు చెరువుకి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, ఒక్కో తుమ్మచెట్టు మీద ఊరంత సంసారం. ఫొటోల్లో ఎవరూ చెప్పని సంగతొకటుంది, వాసన. కుళ్లిన చేప, రెట్ట, బురద కలిసి, తిరుగు బస్సులో పక్క సీటువాళ్లు లేచి వెళ్లిపోయేంత వాసన. ఆటపాక వెళ్లినప్పుడు గూడబాతుల కోసం నీళ్లల్లో పాతిన ఇనప స్టాండ్లు చూసి నవ్వుకున్నాను, చెట్టుకి నకలు పెడితే పిట్ట ఎలా నమ్ముతుందని. నమ్మింది. గుడ్లు పెట్టింది. మోసపోవడంలో పిట్టకీ నాకూ పెద్ద తేడా లేదని అప్పుడే తెలియాల్సింది.

మోకాళ్లు పోయాక సూది పట్టాను. గూడబాతుని కుట్టాను, గొంతు కింద సంచికి నా పాత మేజోడు. ఎర్రకాళ్ల కొంగకి తోక దగ్గర ఆ గులాబీ రంగు మా కోడలి ఓణీ ముక్క. వాసన మాత్రం లేదు. ఆ సుఖం మరిగాక ఉప్పలపాడు వెళ్లడానికి మోకాళ్లు ఒక్కటే అడ్డం కాదని తెలిసింది.

ఇక నీ తమ్ముడు కాకి చేసిన ఘనకార్యం. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా పాత గొడుగు విరిగితే ఆ నల్లగుడ్డతో కాకిని కుట్టాను. నాకు తెలిసి నేను కుట్టినవాటిలో అదొక్కటే అచ్చం పిట్టలా వచ్చింది. కాళ్లకి గొడుగు కమ్మీ. సుద్ద మరకలు పోవడానికి ఉతికి, డాబా మీద తీగకి కాళ్లకి క్లిప్పు పెట్టి తలకిందులుగా ఆరేశాను. ఆ రోజు నాలుగో అంతస్తువాళ్ల నాన్నగారి తద్దినమని నాకు తెలియదు. మధ్యాహ్నం వాళ్లు పిట్టగోడ మీద ఆకులో పిండం పెట్టారు. పదిహేను కాకులు వచ్చాయి. ఒక్కటీ వాలదు. పైన గిరగిరా తిరుగుతూ ఒకటే గోల. చచ్చిన కాకి కనిపిస్తే కాకులు అంతే కదా, గుమిగూడి అరుస్తాయి గానీ ఆ ఛాయలకి రావు. కానీ తద్దినం పెట్టేవాళ్లకి ఆ ఆలోచన ఎందుకొస్తుంది? పెద్దాయనకి ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు. గారెలు చల్లారాయా అన్నారు. రెండో కొడుకు, "గయ తీసుకెళ్తాం నాన్నా" అన్నాడు. కాకి రాలేదు. "మీ పడక్కుర్చీ అమ్మం నాన్నా" అన్నారు. రాలేదు. నేను మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాను, తీగ మీద నా కాకి గాలికి ఊగుతోంది, నాకు టెన్షన్‌తో చెమటలు. నాలుగో అంతస్తు పెద్దావిడ ఎండలో కొంగు నెత్తిన వేసుకుని పెద్దకొడుకు వైపు చూసింది. ఆయన చాలాసేపు నేల చూపులు చూసి, ఆఖరికి గొంతు తగ్గించి, "తెనాలి స్థలంలో చెల్లెలి వాటా చెల్లెలికి ఇచ్చేస్తాను నాన్నా" అన్నాడు.

అందరూ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు. నాకు దొరికిన సందు అదే. వెళ్లి క్లిప్పు తీసి, కాకిని పంచె కుచ్చిళ్లలో దోపుకుని మెట్లు దిగిపోయాను. నేను మూడో అంతస్తుకి చేరేలోపు పైన "వచ్చింది, వచ్చింది" అని ఏడుపులు.

ఇందులో పాపమెంతో పుణ్యమెంతో నాకు లెక్క తేలలేదు. ఆ చెల్లెలుగారు ఇప్పుడు కనబడినప్పుడల్లా, "మా నాన్న నా కోసం కాకిని ఆపాడండీ" అంటుంది. అవునమ్మా అంటాను. కాకి ప్రస్తుతం బీరువాలో ఉంది.

ఇక నీ దగ్గరికొస్తాను. నాలుగు రోజులుగా నువ్వు చిక్కిపోతున్నావు. ముందు గాలికనుకున్నాను. మొన్న పొద్దున్న కాఫీ పట్టుకుని చూద్దును కదా, నీ రొమ్ముకి అతుక్కుని ఒక పిట్ట. నా బొటనవేలికి రెండింతలుండదు. ఇటుకరంగు నెత్తి, ఆకుపచ్చ వీపు, నిటారుగా నిలబెట్టిన తోక. ఆకుల్ని కలిపి కుట్టుకునే దర్జీ పిట్ట. పావురం కోసం కట్టిన వల కన్నులోంచి అది అలా జారి వచ్చేసింది, మనవాళ్ల చట్టాల్లోంచి పెద్దవాళ్లు జారిపోయినట్టు. టాకాలు వేసిన చోట ముక్కు దూర్చి, మా అమ్మ తలగడ దూదిని పీచు పీచుగా లాగి, నోటినిండా కరుచుకుని, కింద ఇంటివాళ్ల బాదం మొక్కలోకి పోయింది.

కళ్లజోడు మార్చుకుని కిందికి చూశాను. వెడల్పాటి ఆకు అంచులు రెండూ దగ్గరికి లాగి, ముక్కుతో బెజ్జాలు పొడిచి, పీచుతో కుట్టేసింది. ముడి వెయ్యదు. బెజ్జంలోంచి వచ్చిన పీచు కొస బయట విచ్చుకుని అదే పట్టుకుంటుంది. నేను ప్రతి వరస చివరా మూడు ముళ్లు వేస్తాను, అయినా విడిపోతుంది. దానికి మిషన్ లేదు, మ్యాచింగ్ సెంటర్ లేదు, ఎవరి జాకెట్టు ముక్కా దొంగిలించలేదు. సరే, దూది దొంగిలించిందనుకో.

"ఏమండీ, ఆ పిట్టకి పొట్ట విచ్చుకుంది, దూది కనబడుతోంది. కుట్టెయ్యరూ?" అంది మా ఆవిడ.

"నీలం దారం అయిపోయింది" అన్నాను. డబ్బాలో మూడు ఉండలున్నాయి.

నీతో చిన్న పనుంది, అందుకే ఈ ఉత్తరం. గాలి వచ్చినప్పుడల్లా నువ్వు గిర్రున తిరిగి చిరుగుని గోడ వైపు పెడుతున్నావు. అది వచ్చి, వెతుక్కుని, తిట్టుకుని పోతోంది. రాత్రి నీ తోకని వలకి దారంతో కట్టాను, గట్టిగా లాగొద్దు. తలలో దూది కూడా కొంచెం వదులు చేశాను.

ఇట్లు,
నీ దర్జీ

తా.క.: తెనాలి స్థలం రిజిస్ట్రేషన్ శ్రావణమాసంలో అయిపోయింది. కాకిని బీరువాలోంచి తీస్తున్నాను, నీ పక్కన కాదు, హాల్లో.