టెంపరరీ ఉద్యోగంలో పింఛను డబ్బు గవర్నమెంటు మింగేస్తుందా?

తిరుపతి రుయా ఆసుపత్రిలోనో, యూనివర్సిటీలోనో, కార్పొరేషన్‌లోనో ఔట్‌సోర్సింగ్ కింద కొత్తగా చేరే పిల్లల ఫోన్లకు ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. "టెంపరరీ వాళ్ళకు పింఛను రాదు. పదేళ్ళలోపు మానేస్తే జీతంలో కోసిన పింఛను డబ్బు గవర్నమెంటు మింగేస్తుంది. చేరేటప్పుడే పీఎఫ్ వద్దని రాసివ్వండి, లేదా మానేయగానే అంతా డ్రా చేసుకోండి. మన వాటా, యజమాని వాటా రెండూ మన జీతంలోనే పట్టడం రూలు" అని. తిరుపతిలో దీన్ని నమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

పింఛను కోసం మన జీతంలో కోసేది ఏమీ లేదు. మన దగ్గర పట్టే 12 శాతం మొత్తం మన పీఎఫ్ ఖాతాకే పోతుంది. పింఛనుకు వెళ్ళేది యజమాని కట్టే 12 శాతంలోంచి, జీతం మీద లెక్కేసి 8.33 శాతం. 15,000 జీతానికి మనది 1,800. యజమాని కట్టే 1,800లో 1,250 పింఛనుకు, మిగతా 550 మన పీఎఫ్‌కు. రెగ్యులర్ గవర్నమెంటు ఉద్యోగుల జీతంలో పింఛను కోసం కోసే సీపీఎస్ వేరే, దాన్ని ఇందులో కలపకండి.

ఇక పదేళ్ళ మాట. పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి, కానీ పదేళ్ళూ ఒకే చోట చేయాలని ఎక్కడా లేదు. ఆసుపత్రిలో మూడేళ్ళు, శ్రీసిటీ కంపెనీలో ఏడేళ్ళు చేసినా, పాత యూఏఎన్‌తోనే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) చేరి సర్వీసు కలుపుకుంటే పదేళ్ళు నిండినట్టే. చివరి అయిదేళ్ళ సగటు జీతం 15,000 అయితే 58 ఏళ్ళ నుంచి నెలకు సుమారు 2,140 రూపాయలు, బతికినంత కాలం. తక్కువే, కాదనను. కానీ ఒక్క నెల చందా కట్టి ఉద్యోగంలో ఉండగా చనిపోయినా భార్యకో భర్తకో పింఛను వస్తుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ళు నిండేదాకా వస్తుంది. టెంపరరీ అన్న కారణంతో దీన్ని ఆపరు. ఈ సంగతి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

పదేళ్ళు నిండకపోతే ఫారం 10సి పెట్టి డబ్బు తీసుకోవచ్చు, లేదా డబ్బు తీయకుండా, చేసిన సర్వీసు లెక్కలో నిలిచేలా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. డబ్బు తీసుకుంటే మూడేళ్ళకు దాదాపు మూడు నెలల జీతం చేతికొస్తుంది. వడ్డీ కలవదు, ఆ లోటు నిజమే. అయితే డబ్బు తీసుకున్నారంటే ఆ సర్వీసు చెరిగిపోతుంది, మళ్ళీ ఒకటి నుంచి లెక్క. అంటే పింఛనును నిజంగా మింగేది "డ్రా చేసుకోండి" అన్న సలహానే. మళ్ళీ ఉద్యోగం చేసే వయసున్నవాళ్ళు సర్టిఫికెట్ తీసుకోవడమే మేలు.

పీఎఫ్ వద్దని రాసిస్తే చెల్లదు. మునుపెన్నడూ సభ్యులు కాకుండా, మొదటి జీతమే 15,000 దాటినవాళ్ళకే ఆ వీలుంది.

రెండు వాటాలూ మన జీతంలోనే అన్న ఆ మెసేజ్ చివరి మాట అన్నిటికన్నా అన్యాయం. బైరాగిపట్టెడలో మా పక్కింటి అమ్మాయి పే స్లిప్‌లో పీఎఫ్ గడిలో 3,600 అని ఉంది. ఆమెదీ కాంట్రాక్టరుదీ కలిపి ఆమె జీతంలోనే పట్టేశారు. యజమాని వాటాను జీతంలో పట్టకూడదని పీఎఫ్ చట్టమే చెబుతోంది. కాంట్రాక్టరు కట్టకపోతే పని చేయించుకునే సంస్థే కట్టాలి. గవర్నమెంటు వారి ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూసుకోండి. తేడా కనిపిస్తే పే స్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి.