క్యాబేజీ ఘాటు వాసన గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్యాబేజీ ఘాటు వాసన గారి సముఖమునకు,

నమస్కారాలు. మీరు క్షేమమేనని తెలుసు. ఆకు ఎంత తెగితే మీకు అంత బలం కదా. ఈ రోజు మధ్యాహ్నమంతా మీ కొలువులోనే గడిపాను. ఒక్కో ఆకు తిప్పి చూడటం, అడుగున నక్కిన సన్నటి పచ్చ పురుగుని పట్టబోవడం, అది గిలగిలా మెలికలు తిరిగి దారం వదులుతూ కిందికి జారిపోవడం, నేను మట్టిలో వెతుక్కోవడం. ఎండ దిగేసరికి చాలా ఆకుల్లో ఈనెలు మాత్రం భద్రంగా ఉన్నాయి. అందుకు మీకు ధన్యవాదాలు.

అసలు మిమ్మల్ని ఏ పనికి పెట్టుకున్నారో ఒకసారి గుర్తు చేయనివ్వండి. క్యాబేజీ ఆకులో గ్లూకోసినొలేట్లు అనే రసాయనాలు ఒక చోట, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. ఏదైనా నమిలితే కణాలు చితికి రెండూ కలుస్తాయి. అప్పుడు ఐసోథయోసయనేట్ పుడుతుంది, అంటే తమరు పుడతారు. ఆవాలు నూరితే ముక్కుకెక్కేది కూడా మీ వంశమే. ఆ మంటకి పురుగు నోరు మూసుకుని పోవాలి. చాలా పురుగులు నిజంగానే మీ జోలికి రావు, కాదనను. కానీ రాని పురుగుల లెక్క చూపించి మెప్పు పొందడం మీకే చెల్లింది.

ఎందుకంటే వచ్చిన పురుగు మీ వల్లే వచ్చింది. డైమండు రెక్కల పురుగు. సందె చీకట్లో ఎగిరే తల్లి పురుగుకి ఇన్ని పచ్చటి మొక్కల్లో క్యాబేజీ ఏదో తేల్చుకోవడం ఎంత కష్టం! ఆ కష్టం తమరు తీర్చారు. దాని మీసాలకి మీరు సోకితే చాలు, నేరుగా వచ్చి వాలుతుంది. వాలాక గుడ్లు పెట్టమని ప్రోత్సహించేదీ మీరే. ఆవ, ముల్లంగి, కాలీఫ్లవర్, క్యాబేజీ... మీ ఘాటున్న కుటుంబం దాటి అది దాదాపుగా వేరే గడప తొక్కదు.

పోనీ, తిన్నాకైనా మంట పెట్టారా? 2002లో గుట్టు బయటపడింది. ఈ పురుగు పొట్టలో ఒక సల్ఫటేజ్ ఎంజైము ఉంది. అది గ్లూకోసినొలేట్ నుంచి సల్ఫేటును ముందే ఊడబెరికేస్తుంది. ఆ తర్వాత మైరోసినేజ్ చేయగలిగింది ఏమీ లేదు. అంటే పురుగు కడుపులో, మీరు పుట్టాల్సిన చోట, మీరు పుట్టరు. తెగిన ఆకు అంచున మాత్రం పుట్టి గాలికెక్కి ఊరంతా తిరుగుతారు. కంచే చేను మేసిందంటారు. నువ్వు మేయవు, మేసేవాళ్లని పిలుచుకొస్తావు!

ఆకు తుంచకపోతే పురుగు తింటుంది. తుంచితే ఆ గాయం లోంచి నువ్వు మళ్లీ మొదలు. నన్నేం చేయమంటావు? ఊపిరి బిగబట్టుకుని ఏరమంటావా? నా ఊపిరితో పనేముంది, ఆ తల్లి పురుగు ఊపిరి కదా బిగబట్టాల్సింది.

ఇదేమన్నా కొత్త సంగతా అంటే అదీ కాదు. వెర్షాఫెల్ట్ అనే డచ్ వృక్షశాస్త్రజ్ఞుడు 1910లోనే చూపించాడు. క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళిపురుగులు మామూలుగా ముట్టని ఆకులకి నీ ముడిసరుకు సినిగ్రిన్ పూసి పెడితే అవి శుభ్రంగా తినేశాయి. నూరేళ్లు దాటింది. ఈ నూరేళ్లలో ఒక్కసారైనా ఫార్ములా మార్చుకోవాలని అనిపించలేదా? అవతల క్యాబేజీ పేనుబంకని చూడు. నీ ముడిసరుకుని ఒంట్లో దాచుకుంటుంది, మైరోసినేజ్ సొంతంగా తయారు చేసుకుంటుంది, అక్షింతల పురుగు పిల్ల వచ్చి కొరికితే నిన్నే దాని మీద ప్రయోగిస్తుంది. మా తరఫున వచ్చిన ఒక్క పురుగునీ తరిమేది కూడా నువ్వే అన్నమాట.

పక్క వరుసలో బంతి వాసనగారున్నారు. ఆయనకి వేరే లేఖ దండగ, ఇక్కడే రెండు ముక్కలు చెప్తా. బంతి ఉంటే పురుగు రాదని ఎవరిని అడిగినా చెప్తారు. ఫించ్, కోలియర్ అనే శాస్త్రవేత్తల బృందం క్యాబేజీ వేరు ఈగ మీద, ఉల్లి ఈగ మీద పరీక్షించి 2003లో తేల్చిందేమిటంటే, ఈగల్ని తికమక పెట్టింది వాసన కాదు, చుట్టూ ఉన్న పచ్చదనం. వాసన లేని మొక్కలు కూడా అంతే బాగా పనిచేశాయి. బంతి వేళ్లు మట్టిలోని నులిపురుగుల్ని చంపుతాయి, అది నిజం. ఆ పేరు మాత్రం పైన కూర్చున్న వాసన కొట్టేసింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో గోధుమకి జన్యుమార్పిడి చేసి, పేనుబంకలు ప్రమాదం వచ్చినప్పుడు ఒకదానికొకటి ఇచ్చుకునే హెచ్చరిక వాసనని అంటించారు. ల్యాబులో పేనుబంకలు హడలిపోయాయి. 2012, 2013లలో పొలంలో వేస్తే పట్టించుకోనే లేదు. వాసనల మాట నమ్మడానికి మనసొప్పడం లేదంటే తప్పు నాదా?

సరే, ఒక్కటి ఒప్పుకోవాలి. ఇవాళ ఒక ఆకు కింద చిన్న తెల్లటి గూడు కనిపించింది. కొటేసియా కందిరీగది. పురుగు కొరికిన ఆకు వాసన పట్టుకునే అది వస్తుంది, పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది, లోపల పెరిగిన పిల్ల ఆ పురుగుని తినేసి బయటికొచ్చి గూడు కట్టుకుంటుంది. దొంగని పిలిచిన గాలిలోనే పోలీసుకీ కబురు పెట్టావన్నమాట. సంతోషం. కాకపోతే గుడ్డు పడగానే పురుగు చావదు, లోపలి పిల్ల ఎదిగేదాకా నమలడం మానదు. నీ సాయం కూడా ఆకు సగం పోయాకే.

నీ చుట్టాల్లోనే బార్బేరియా అనే మొక్క ఒకటుంది. అదీ మీ ఘాటు కుటుంబమే. డైమండు రెక్కల తల్లులు ఎగబడి దాని మీద గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు కొరకడం మొదలుపెట్టాక ఆకులోని సాపొనిన్లు అనే రసాయనాలు వాటిని బతకనివ్వవు. అందుకే దాన్ని ఎర పంటగా వేస్తారు. పిలవడం నీ వల్ల మానడం కాదని అర్థమైంది. పిలిచాక ఏం చేయాలో కనీసం దాన్ని చూసి నేర్చుకో. వచ్చే పంటకి నీ చుట్టూ దాన్నే వేస్తున్నా. అది నీకన్నా గట్టిగా పిలుస్తుంది, నువ్వేం కంగారుపడకు.

ఇట్లు,
నువ్వు పిలిచిన అతిథులకి ఇన్నాళ్లుగా భోజనం పెడుతున్న మనిషి