తాజా ఈస్ట్ గురించి తిరుగుతున్న సందేశం: ఒక్కొక్క మాటకూ జవాబు

ఇంట్లో బ్రెడ్ చేసుకునేవారి మధ్య కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది. తాజా ఈస్ట్ మాత్రమే సహజమైనది, ప్రాణమున్నది. పొడి ఈస్ట్ రసాయనం. పొడి ఈస్ట్ ఎన్ని గ్రాములు చెబితే తాజా ఈస్ట్ కూడా అన్ని గ్రాములే వేసుకోవాలి. దానిని వేడి నీళ్ళలో చక్కెరతో కలిపి నురగ వచ్చేదాకా ఆగాలి, నురగ రాకపోతే పారేయాలి. ఉప్పు సోకితే చచ్చిపోతుంది. ఎంత ఎక్కువ వేస్తే బ్రెడ్ అంత మెత్తగా వస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే ఏడాదంతా నిలుస్తుంది. దొరకకపోతే మైదా, పెరుగు, తేనె కలిపి రాత్రికి రాత్రే తయారుచేసుకోవచ్చు.

ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువే. చాలావరకు, ఒక రకం ఈస్ట్‌కు వర్తించే సలహాను తెచ్చి మరో రకానికి అంటగట్టడం వల్ల పుట్టిన తప్పులు. తాజా ఈస్ట్‌కూ పొడి ఈస్ట్‌కూ మధ్య ఉన్న ప్రధానమైన తేడా నీరు. తాజా ఈస్ట్ దిమ్మలో దాదాపు 70 శాతం తేమ ఉంటుంది. పొడి ఈస్ట్‌లో రెండు రకాలు: ముందుగా నీటిలో నానబెట్టి వాడే యాక్టివ్ డ్రై ఈస్ట్‌లో అది 5 నుంచి 8 శాతం, నేరుగా మైదాలో కలిపే ఇన్‌స్టంట్ ఈస్ట్‌లో 4 నుంచి 6 శాతం మాత్రమే. కొలతలో తేడా, కలపవలసిన నీటి వేడి, నిల్వ ఉండే కాలం, చివరికి అంగడిలో అది దొరకడంలోని కష్టం కూడా ఆ తేమ నుంచి వచ్చినవే.

మొదటి మాట, "తాజాది సహజం, పొడి రసాయనం" అన్నది. రెండింటిలోనూ ఉన్నది శాకరోమైసిస్ సెరివిసియే అనే ఒకే జాతి ఏకకణ జీవి. రెండూ కర్మాగారంలోనే పుడతాయి. పెద్ద తొట్లలో చెరకు లేదా బీట్ మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే మడ్డి) మీద, నత్రజని, భాస్వరం అందించే లవణాలతో, నిరంతరం గాలి పంపుతూ ఈ కణాలను పెంచుతారు; తరువాత వాటిని కడిగి, వడగట్టి, మీగడలాంటి చిక్కటి ద్రవంగా చేస్తారు. అందులోని నీటిని ఇంకొంత తీసేసి అచ్చుగా నొక్కితే అది తాజా ఈస్ట్. ఆ అచ్చును సన్నటి పోగులుగా వత్తి, వేడి గాలి మీద ఆరబెడితే అది పొడి ఈస్ట్. దిమ్మగా నొక్కిన ఈస్ట్ కూడా అనాది వస్తువేమీ కాదు, 19వ శతాబ్దపు పరిశ్రమ ఇచ్చిన సరుకే. దానిని అమెరికా జనానికి దగ్గర చేసిన ఫ్లైష్మాన్ సంస్థ మొదలైనది 1868లో. ఫ్రిజ్ అక్కరలేని ఈస్ట్ కావాలన్న అవసరం రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి కలిగినప్పుడు, పొడి ఈస్ట్‌ను తయారుచేసి ఇచ్చింది కూడా అదే సంస్థ. అంటే పొడి ఈస్ట్ పుట్టింది సహజమైనదాన్ని చెడగొట్టడానికి కాదు, చల్లదనం లేని చోటికి చేరవేయడానికి.

ఇక ప్రాణం సంగతి. ఒక గ్రాము తాజా ఈస్ట్‌లో సుమారు వెయ్యి కోట్ల కణాలుంటాయి. పొడి ఈస్ట్‌లోనివీ ప్రాణమున్న కణాలే, కాకపోతే నీరు లేక నిద్రాణంగా ఉంటాయి. నిజంగా ప్రాణం లేనిది వేరే ఉంది: వంటకాల మీద చల్లుకునే న్యూట్రిషనల్ ఈస్ట్. దానిని వేడితో చంపే అమ్ముతారు, దానితో పిండి పొంగదు. సందేశం పక్షాన చెప్పగలిగింది ఒకటుంది. ఇన్‌స్టంట్ ఈస్ట్ పొట్లాల మీద సార్బిటాన్ మోనోస్టియరేట్ అనే పేరు తరచుగా కనబడుతుంది. ఆరబెట్టేటప్పుడూ మళ్ళీ నీరు తగిలినప్పుడూ కణాలను కాపాడడానికి కలిపే పదార్థం అది. అది వద్దనుకునేవారు తాజా ఈస్ట్‌ను ఎంచుకోవడంలో తప్పులేదు. కానీ అంతమాత్రానికే పొడి ఈస్ట్‌నంతటినీ రసాయనం అనేయడం అతిశయోక్తి. రుచిలో తేడా ఉందని కొందరు గట్టిగా అంటారు. పిండి ఎంతసేపు, ఎంత చల్లగా పులిసిందన్న దానితో పోలిస్తే ఆ తేడా చాలా చిన్నదని నా అభిప్రాయం.

రెండో మాట, గ్రాముకు గ్రాము. సందేశంలో బ్రెడ్‌ను నేరుగా పాడుచేసే సలహా ఇదే. తాజా ఈస్ట్ బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే కనుక, 10 గ్రాముల తాజా ఈస్ట్ చేసే పనిని సుమారు 4 గ్రాముల యాక్టివ్ డ్రై ఈస్ట్ గానీ, 3.3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ గానీ చేస్తుంది. అర కిలో మైదాకు 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ అని రాసి ఉన్న చోట 7 గ్రాముల తాజా ఈస్ట్ వేస్తే, వేయవలసినదానిలో మూడో వంతే వేసినట్టు. గంటలో రెండింతలు కావలసిన పిండి ముద్ద అప్పటికి అరకొరగా పొంగుతుంది. అక్కడ పడవలసింది 21 గ్రాములు. తిరగేసి చేస్తే ఫలితం ఇంకా ఇబ్బందికరం: 10 గ్రాముల తాజా ఈస్ట్ కోరే పద్ధతిలో 10 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేస్తే మూడింతలు పడి, చూస్తుండగానే పిండి గిన్నె దాటి పొంగి, ఓవెన్‌లోకి వెళ్ళేలోపే కుంగిపోతుంది. ఇంత చిన్న బరువులకు చెంచా కొలత పనికిరాదు, తాజా ఈస్ట్ ముక్కలకు అసలే పనికిరాదు. గ్రాములు చూపే చిన్న తూకం కావాలి.

వేడి నీళ్ళ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే దాని పొరపాటు తేలికగానే అర్థమవుతుంది. యాక్టివ్ డ్రై ఈస్ట్ గింజలను 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ నీటిలో నానబెట్టమంటారు. ఎండిపోయిన కణపు పొర చల్లటి నీటిలో సరిగా కోలుకోక, లోపలి పదార్థాలు బయటికి కారిపోతాయి. వాటిలో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్‌ను బలహీనపరిచి ముద్దను జారుగా చేస్తుంది. తాజా ఈస్ట్ కణాలు నీటిని కోల్పోయినవి కావు, వాటిని తిరిగి నానబెట్టే పనే లేదు. వేళ్ళతో పొడిచేసి నేరుగా మైదాలో కలపవచ్చు, లేదా పిండిలో పోయబోయే నీటిలోంచే కొంత తీసి అందులో కరిగించవచ్చు. ఆ నీరు చల్లగా ఉన్నా ఫరవాలేదు. ఎక్కువ రకాల బ్రెడ్‌కు కలిపిన ముద్ద 24 నుంచి 27 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. వంటగది వేడిగా ఉన్నప్పుడో, యంత్రంతో పిసికేటప్పుడో రాపిడికి ముద్ద వేడెక్కుతుంది కనుక, అలాంటప్పుడు ఫ్రిజ్‌లోని నీరే మేలు. వేడి నీళ్ళు అన్న మాట ఎవరి చేతికి ఎలా అనిపిస్తుందో చెప్పలేము; 55 డిగ్రీలు దాటిన నీటిలో పడితే ఏ రకం ఈస్ట్ అయినా చచ్చిపోవడం మొదలవుతుంది. ఈస్ట్ పాడైపోయిందని పారేసినవారిలో కొందరు దానిని ఆ నీళ్ళలోనే చంపి ఉంటారు.

నురగ పరీక్ష కూడా పొడి ఈస్ట్ నుంచి అరువు తెచ్చుకున్నదే. తాజా ఈస్ట్‌ను ఉత్త నీటిలో కలిపితే పాలలాంటి ద్రవం వస్తుంది, నురగ రాదు. రాకపోవడం దాని చావుకు గుర్తు కాదు. చక్కెర వేస్తే కొంత నురగ రావచ్చు గానీ పిండి పొంగడానికి ఆ చక్కెర తప్పనిసరి కాదు, ఎందుకంటే మైదాలోని ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొట్టి ఈస్ట్‌కు కావలసిన మాల్టోస్ అనే చక్కెరను తామే సమకూరుస్తాయి. చక్కెర మరీ ఎక్కువైతే, ఉప్పులాగే కణాల్లోని నీటిని లాగి పనిని మందగింపజేస్తుంది. తీపి బ్రెడ్‌లలో ఈస్ట్ ఎక్కువ వేసేది అందుకే.

తాజా ఈస్ట్ మంచిదో కాదో తెలుసుకోవడానికి అంతకంటే నమ్మదగిన సాధనాలు కళ్ళూ ముక్కూ వేళ్ళూ. మంచి దిమ్మ లేత గోధుమ వన్నెలో, కాస్త తడిగా, చల్లగా ఉంటుంది. మూల విరిస్తే సాగకుండా, అంటుకోకుండా పెళుసుగా విరిగి, విరిగిన చోట గవ్వ లోపలి భాగంలాంటి వంపులు కనబడతాయి. వాసన తేలికగా, పులిసిన పిండినో పండునో గుర్తుచేస్తుంది. అంచులు ఎండి ముదురు గోధుమ రంగుకు తిరిగితే ఆ మేర గీకేసి మిగతాది వాడుకోవచ్చు. లోపలంతా ముదురు రంగుకు మారి, వేలికి జిగటగా అంటుకుంటూ, కుళ్ళు వాసన వస్తున్నా, బూజు కనబడినా వెనకాడకుండా పారేయాలి. అనుమానం ఇంకా మిగిలితే కొద్దిగా ఈస్ట్‌నూ రెండు చెంచాల మైదానూ గోరువెచ్చని నీటితో జారుగా కలిపి పావుగంట నుంచి అరగంట చూడాలి. పైన బుడగలు లేస్తే పనికొస్తుంది.

ఉప్పు గురించిన భయంలో ఒక పాలు నిజముంది. పొడిచేసిన తాజా ఈస్ట్ మీద ఉప్పు చల్లి కలిపితే, కొద్ది నిమిషాల్లో అది కరిగి ద్రవంగా మారడం కళ్ళారా చూడవచ్చు. కణాల్లోని నీటిని ఉప్పు బయటికి లాగుతోందన్నమాట. అలాగే చాలాసేపు వదిలేస్తే చాలా కణాలు దెబ్బతింటాయి. కానీ మైదా బరువులో 2 శాతం ఉప్పు ముద్దంతా పరచుకున్నప్పుడు అది ఈస్ట్‌ను చంపదు, వేగాన్ని కొంత తగ్గిస్తుంది. ఆ తగ్గుదల రుచికి మంచిదే. గిన్నెలో రెండింటినీ చెరో పక్కన వేసి వెంటనే కలిపేస్తే సరిపోయేదానికి, ఉప్పే వేయకుండా చప్పిడి బ్రెడ్ చేసుకోనక్కరలేదు.

ఈస్ట్ పెరిగితే మెత్తదనం పెరుగుతుందన్నది ఎంతకీ పోని నమ్మకం. మెత్తదనం వచ్చేది నీటి పాళ్ళ వల్ల, వెన్న లేదా నూనె వల్ల, పాల వల్ల, గ్లూటెన్ సరిగా సాగేలా పిసకడం వల్ల. ఈస్ట్ చేసేది ఆ ముద్దను వాయువుతో నింపడం. అది ఎక్కువైతే వాయువు త్వరగా నిండుతుంది గానీ, రుచినిచ్చే ఆమ్లాలూ సువాసనలూ ఏర్పడేందుకు సమయం మిగలదు. కాల్చిన బ్రెడ్‌లో పచ్చి ఈస్ట్ వాసన నిలిచిపోతుంది. అర కిలో మైదాకు 10 గ్రాముల తాజా ఈస్ట్, అంటే 2 శాతం, ఒకటి రెండు గంటల్లో పొంగవలసిన మామూలు బ్రెడ్‌కు చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో పులియనిచ్చేటట్టయితే రెండు మూడు గ్రాములతోనే పని జరుగుతుంది.

నిల్వ గురించి సందేశం చెప్పిన ఏడాది మాట చూసే ముందు, తాజా ఈస్ట్ ఎందుకు అరుదుగా దొరుకుతుందో చూడాలి. తేమ ఎక్కువ కనుక అది బతికి ఉన్నంతసేపూ తన నిల్వలను తానే ఖర్చుచేసుకుంటుంది. 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో రెండు మూడు వారాలు, గది వేడిలో కొద్ది రోజులే దాని ఆయుష్షు. కొనేవాళ్ళు తక్కువగా ఉన్న దుకాణదారుడు ఇలాంటి సరుకును అరల్లో పెట్టుకోడు. చిల్లరగా అమ్మే చోట అది పాలు, వెన్న ఉండే చల్లటి అరలో ఉంటుంది, పిండివంటల సరుకుల మధ్య కాదు. వెతికేవారు చాలామంది చూడనిది ఆ అరనే. అక్కడ లేకపోతే అడగవలసింది రోజూ బ్రెడ్ కాల్చే బేకరీని, అదీ రద్దీ తగ్గిన వేళ. వారికి వచ్చేవి సాధారణంగా అర కిలో దిమ్మలు. అయితే అడిగేముందు వాళ్ళు వాడేది తాజా ఈస్టేనా అని కనుక్కోవాలి, ఎందుకంటే ఇన్‌స్టంట్ ఈస్ట్‌తోనే నడిచే బేకరీలూ ఉన్నాయి. పూర్తి దిమ్మ కొనమంటే లెక్క చూసుకోండి: 2 శాతం చొప్పున అర కిలో ఈస్ట్ 25 కిలోల మైదాను పొంగిస్తుంది, అంటే అర కిలో పిండితో చేసే బ్రెడ్‌లు 50. మూడు వారాల్లో ఒక ఇంట్లో అన్ని కాలవు. నలుగురు కలిసి పంచుకోవడం దీనికి సరైన దారి. ఇంటికి తెచ్చాక దానిని గాలి చొరని సంచిలో బిగించకూడదు. కాగితంలో చుట్టి, మూత వదులుగా ఉన్న డబ్బాలో, ఫ్రిజ్ లోపలి వైపు ఉంచాలి.

మిగిలినదానిని ఫ్రీజర్‌లో పెట్టకూడదా అంటే, పెట్టవచ్చు, నష్టానికి సిద్ధపడి. కణాల నిండా నీరున్నది గనుక, అది గడ్డకట్టినప్పుడు ఏర్పడే మంచు స్ఫటికాలు పొరలను చీలుస్తాయి. కరిగించినప్పుడు దిమ్మ జారుగా, ముద్దముద్దగా అయిపోవడం అందుకే. చచ్చిన కణాల నుంచి ముందు చెప్పిన గ్లూటాథయోనే విడుదలై పిండిని వదులు చేస్తుంది. ఒక్కొక్క బ్రెడ్‌కు సరిపడేలా తూచి, విడివిడిగా చుట్టి, తేదీ రాసి పెట్టి, రెండు మూడు నెలల్లో వాడేయడం మంచిది. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరగనిచ్చి, కరిగిన రోజే కొంచెం ఎక్కువ పాళ్ళలో వాడాలి. ఒకసారి కరిగినదానిని మళ్ళీ గడ్డకట్టించకూడదు. ఏడాది నిలవ ఉండేదే కావాలనుకుంటే పొడి ఈస్ట్ పొట్లం కొనుక్కోవడం తెలివైన పని, దానిని చేసిందే అందుకు.

చివరిది, మైదా, పెరుగు, తేనెతో రాత్రికి రాత్రే ఈస్ట్. ఈ మిశ్రమం తెల్లారేసరికి పుల్లగా వాసన వేసి, బుడగలు కూడా చూపించవచ్చు. ఆ పులుపు ప్రధానంగా పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాది. పిండిలో సహజంగా ఉండే ఈస్ట్ కణాలు అందులో ఉన్నా, అవి బ్రెడ్‌ను లేపేంత సంఖ్యకు చేరడానికి రోజూ కొత్త పిండి, నీరు వేస్తూ సాధారణంగా వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అలా పెంచినది సోర్‌డో స్టార్టర్ అవుతుంది. దానితో చక్కటి బ్రెడ్ వస్తుంది గానీ కొలతలు వేరు, పొంగే వేగం వేరు, రుచి వేరు. 10 గ్రాముల తాజా ఈస్ట్ అని రాసి ఉన్న చోట ఆ ఒక్క రాత్రి ముద్దను 10 గ్రాములు వేస్తే అందులో పడేది దాదాపు మైదా, పెరుగే. తాజా ఈస్ట్ దొరకనప్పుడు ఆ 10 గ్రాములకు బదులు 3.3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్‌ను మైదాలో కలిపి, దిమ్మతో పోయే దాదాపు 7 గ్రాముల తేమకు సరిపడా నీరు చేర్చుకుంటే, ఆ పద్ధతిలో మార్చవలసింది ఇంకేమీ ఉండదు.