సూది ఇంకా పడలేదు, వాంతి మొదలైపోయింది

క్యాన్సర్‌కి కీమో మందు ఎక్కించిన తర్వాత పిల్లలకి వాంతులైతే అందరికీ అర్థమవుతుంది. మందు సీసా తగిలించకముందే, కొందరికైతే శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో విశాఖ బస్సు ఎక్కగానే డోకు మొదలైతే మాత్రం ఇంట్లోవాళ్లకే అనుమానం వస్తుంది. "గుంటడు నాటకాలాడతన్నాడు" అంటాడు తాత. గారం ఎక్కువైందంటారు పక్క మంచం వాళ్లు. నిజానికి దీన్ని డాక్టర్లు యాంటిసిపేటరీ నాసియా, అంటే మందు పడకముందే వచ్చే వికారం అంటారు, ఎందుకొస్తుందో తెలుసు, చాలావరకు రాకుండా చూసుకునే దారీ తెలుసు. అయినా మన జిల్లాల్లో పిల్లల క్యాన్సర్ గురించి మాట్లాడుకుంటే మందు దొరికిందా, కార్డు పనిచేసిందా, మంచం ఖాళీ ఉందా అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. వాంతులు, భయం ఎలాగూ ఉండేవే కదా, ఓర్చుకోవాలి అని వదిలేస్తాం. నా అభ్యంతరమంతా అక్కడే.

కీమో మందు పడ్డాక పేగు గోడలోని కొన్ని కణాలు సెరొటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి, అది పేగుని మెదడుతో కలిపే వేగస్ నరాన్ని రేపితే ఆ కబురు మెదడుకి చేరి వాంతి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో తరచూ కనిపించే ఎమెసెట్ సిరప్‌లోని ఒండాన్‌సెట్రాన్ ఈ దారికే అడ్డం పడుతుంది. ఇది మొదటి 24 గంటల సంగతి. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులైతే ఒకరోజు దాటాక, ఇంటికెళ్లిపోయాక కూడా వాంతులు చేయిస్తాయి, అక్కడ ఒండాన్‌సెట్రాన్ ఒక్కటే సరిపోదు. ఈ రెండింట్లో ఏదో ఒకటి గట్టిగా అనుభవించిన పిల్లల మెదడు ఆ సమయంలో చుట్టూ ఉన్నవన్నీ దాచిపెట్టుకుంటుంది, స్పిరిట్ వాసన, సెలైన్ స్టాండు, నర్సు గొంతు, ఆ మెట్లు. తర్వాత వాటిలో ఒక్కటి ఎదురైనా చాలు, కడుపు తిప్పేస్తుంది. ఒకసారి ఇది కుదురుకున్నాక మామూలు వాంతి మందులు అంతగా పనిచేయవు. అప్పుడు కొందరికి లోరాజిపామ్ లాంటి ఆందోళన తగ్గించే మందు ఇస్తారు, మనసుకి సంబంధించిన పద్ధతులు వాడతారు. అంతదాకా రానివ్వకపోవడమే అసలైన చికిత్స.

అంటే మొదటి సైకిల్‌లోనే, మొదటి విడత కీమోలోనే, వాంతిని గట్టిగా అదుపు చేయాలి. "ముందు చూద్దాం, వాంతులైతే అప్పుడు ఇద్దాం" అనే ధోరణి ఎక్కడున్నా తప్పే. ఏ కీమో మందుతో ఎంత వాంతి వస్తుందో ముందే తెలుసు, విన్‌క్రిస్టిన్ ఒక్కటే అయితే పెద్దగా ఉండదు, సిస్‌ప్లాటిన్‌కి ముందుజాగ్రత్త లేకపోతే దాదాపు అందరూ కక్కుకుంటారు. అలాంటి వాటికి ఒండాన్‌సెట్రాన్‌తో పాటు డెక్సామెథసోన్, అప్రెపిటెంట్ అనే వాంతి ఆపే మందులు కలిపి ఇస్తారు, పిల్లల జబ్బును బట్టి మార్పులుంటాయి. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఈ మందులకి ఓలాంజపిన్ అనే ఇంకో మందు కూడా చేర్చి పిల్లల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు, వాంతులు బాగా తగ్గాయి, మగత మాత్రం ఎక్కువైంది. ఇవేవీ మెడికల్ షాపులో అడిగి కొని వేసేవి కావు. కానీ "మా పాపకిచ్చే మందు ఎంత వాంతి చేయిస్తుంది సార్, ముందే ఏమిస్తున్నారు, ఇంటికి ఎన్ని రోజులకి రాసిస్తున్నారు" అని అడిగే హక్కు తల్లికి ఉంది, అడిగితే విసుక్కోకుండా చెప్పాల్సిన బాధ్యత అవతలివాళ్లకి ఉంది.

తిండి సంగతికొస్తే మన ప్రేమే ఎదురు తిరుగుతుంది. ఎలాగూ తర్వాత ఏమీ తినలేడు కదా అని ఆస్పత్రికెళ్లే రోజు పొద్దున్నే బిడ్డకి బాగా ఇష్టమైనవన్నీ పెడతాం, పలాస నుంచొచ్చే వాళ్లయితే మందస కోవా కూడా పొట్లం కట్టుకొస్తారు. అమెరికాలో సియాటిల్‌లో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త 1978లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కీమోకి ముందు పిల్లలకి కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ ఇస్తే చాలామంది వద్దన్నారు, వాంతి వచ్చింది కీమో వల్లే తప్ప ఐస్‌క్రీమ్ వల్ల కాదని తెలిసే వయసు పిల్లలు కూడా. కడుపు తన లెక్క తను వేసుకుంటుంది, మనం చెప్పేది వినదు. 1987లో అదే బృందం ఇంకో ఉపాయం చూసింది. భోజనానికీ కీమోకీ మధ్య ఒక వింత రుచి మిఠాయి బిళ్ల చప్పరించమని ఇచ్చారు. ఆ విముఖతలో కొంత బిళ్ల మీదకి పోయింది, భోజనం చాలావరకు బతికిపోయింది! చిన్న మిఠాయితో అయ్యే పని ఇది. మన దగ్గర ఎంతమంది తల్లులకి ఎవరైనా చెప్పి ఉంటారు? కోవాని బాగున్న రోజులకి దాచండి. ఆ పూట డాక్టరు తినొచ్చంటే రెండు ఇడ్లీలో, కాస్త చోడంబలో, అంటే రాగి అంబలో చాలు, అది కూడా ఇంటిదే, తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ తేలిగ్గా సోకే పిల్లలకి కాంప్లెక్స్ దగ్గర బండి మీద తిండి అసలు వద్దు.

ప్రయాణం మాట ఎవరూ ఎత్తరు. పెద్ద ఆస్పత్రులన్నీ విశాఖలోనే, టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి నగర శివార్లలో అగనంపూడి దగ్గరుంది. ఇచ్ఛాపురం నుంచి అయితే 200 కిలోమీటర్ల పైమాటే. బస్సు పడని పిల్లలకి కీమో వాంతులు కూడా ఎక్కువయ్యే ప్రమాదం ఉందని వైద్యులకి తెలుసు, అంటే మన పిల్లలు మందు మొదలవ్వకముందే సగం వాంతితో లోపలికి అడుగుపెడుతున్నారన్నమాట. వీలుంటే రైలు మేలు, బస్సయితే ముందు వరస, కిటికీ పక్క. బస్సు పడదని డాక్టరుకి మొదటి రోజే చెప్పాలి, ఎందుకంటే వాళ్లంతట వాళ్లు అడగరు.

ఇక భయం. "అల్లరి చేస్తే డాక్టరు చేత సూది పొడిపించేస్తాను" అని నాలుగేళ్లు పెంచి, తర్వాత నిజంగా సూదుల మధ్యకి తీసుకెళ్తాం. పైగా దారిలో "ఈరోజు సూది లేదమ్మా, ఊరికే చూపించుకుని వచ్చేద్దాం" అని అబద్ధం. అబద్ధం ఒక్కసారికే పనిచేస్తుంది, ఆ తర్వాత అమ్మ ఏ మాట చెప్పినా పిల్ల నమ్మదు, ప్రతి ప్రయాణం టెన్షనే. "సూది ఉంది, చీమ కుట్టినట్టు ఉంటుంది, నేను పక్కనే ఉంటా, ఏ చెయ్యో నువ్వే చెప్పు" అంటే ఏడుస్తుంది, నిజమే, కానీ ఆ ఏడుపుకి ఒక అంతుంటుంది. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిపిన క్రీము గంట ముందు రాస్తే చర్మం మొద్దుబారుతుంది. సూది పడేటప్పుడు సబ్బు బుడగలు ఊదించడం, కథ చెప్పించడం, ఫోన్‌లో ఆట పెట్టడం లాంటివి పిల్లల నొప్పినీ భయాన్నీ తగ్గిస్తాయని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. కీమో వికారానికి పిల్లల్లో హిప్నాసిస్ కూడా 1980ల నుంచే పరీక్షించి మంచి ఫలితాలు చూశారు. హిప్నాసిస్ అనగానే మనవాళ్లు స్టేజీ మీద ఇంద్రజాలం అనుకుంటారు గానీ, ఇష్టమైన చోటిని, ఏ బారువ సముద్రపు ఒడ్డునో, కళ్లు మూసుకుని ఊహించుకునేలా నెమ్మదిగా మాటలతో నడిపించడమే అది. నేర్చుకున్న మనిషి కావాలి, అంతే.

ఆ మనిషి దగ్గరే మన వ్యవస్థ తేలిపోతుంది. ఆరోగ్యశ్రీ అనండి, ఎన్టీఆర్ వైద్య సేవ అనండి, కీమోకి డబ్బు కడుతుంది, అది చిన్న విషయం కాదు, అది లేకపోతే ఈ జిల్లాల్లో సగం ఇళ్లు ఆస్పత్రి గడపే తొక్కవు. కానీ పిల్లాడి పక్కన పావుగంట కూర్చునే మనిషి జీతం ఎవరి ఖాతాలోది? పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్, అంటే ఏఎల్ఎల్, చికిత్సే రెండు మూడేళ్లు సాగుతుంది. రెండో సైకిల్‌కే హడలిపోయిన పిల్లని అన్నాళ్లు ఎలా తిప్పుతారు? 2030 నాటికి క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. పేద దేశాల్లో దానికి పెద్ద అడ్డంకుల్లో ఒకటి చికిత్స మధ్యలో మానేయడం. డబ్బూ దూరమూ ముఖ్య కారణాలే, ఒప్పుకుంటా, కానీ "ఇంక వాడిని ఏడిపించలేం" అన్న మాట కూడా ఆ నిర్ణయంలో ఉంటుందని నా నమ్మకం.

విశాఖలో అన్నీ జరిగేదాకా మన దగ్గర చేయగలిగినవి ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో పిల్లల విభాగం, మానసిక విభాగం కలిసి వారానికి ఒక పూట ఈ పిల్లల కోసం కేటాయించవచ్చు, కీమోకి వెళ్లే ముందు రోజు ఈ బుడగలు, కథలు, ఊహించుకోవడం లాంటివి అభ్యాసం చేయించడానికి. విజయనగరంలో 1919లో పెట్టిన, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల ఉంది, పాట, వాద్యం పిల్లల ఆందోళనని కొంతైనా దించుతాయి కాబట్టి అక్కడి విద్యార్థులు ఆ పూట వచ్చి వాయిస్తే ఖర్చేం లేదు. మాస్కు పెట్టుకుని, జలుబున్న వాళ్లు రాకుండా ఉంటే చాలు. ఊళ్లో ఆశా కార్యకర్తకి ఆ కుటుంబం ఎప్పుడు తిరిగొచ్చిందో తెలియాలి, తర్వాతి మూడు రోజులు వాంతి మాత్ర వేస్తున్నారా అని ఒక్కసారి తొంగిచూడాలి. ఒండాన్‌సెట్రాన్, విన్‌క్రిస్టిన్ రెండూ మలబద్ధకం చేస్తాయి, దాంతో వచ్చే కడుపునొప్పిని మళ్లీ వికారం అనుకుని మాత్ర మీద మాత్ర వేసే ఇళ్లుంటాయి. జ్వరం వస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, అది అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆస్పత్రికి బయల్దేరదీయాలి.