ఎడారికి సిక్కోలు సాయం

జైసల్మేర్ చూసొచ్చిన మనవాళ్లు ముక్తకంఠంతో చెప్పేది ఒకటే: "అక్కడేటీ లేదు, ఒట్టి ఇసకే." ఆ ఒట్టి ఇసకనే 1980లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర గిరిగీసి, ఎడారి జాతీయ ఉద్యానమని పేరుపెట్టి కాపలా కాస్తున్నారు. తీరా చూస్తే అందులో ఇసక తిన్నెలు కొంత భాగమే. మిగతాదంతా రాతినేల, గడ్డి. అంటే ఇసక కూడా నికరంగా లేదు. బారువ నుంచి భావనపాడు దాకా సముద్రతీరపు ఇసకను బాగుచేసిన అనుభవం ఉన్నవాళ్లం, చూస్తూ ఊరుకోవడం ధర్మం కాదు.

ముందుగా చెట్లు. మన పద్ధతి తెలిసిందే: దిబ్బను చదును చేసి, దాన్ని పట్టి ఉంచిన రావణాసురుడి మీసాల గడ్డిని పీకి, సరుగుడు బారులు తీర్చాలి. కొన్నేళ్లకు రాలిన ఆకు మెత్తలా పరుచుకుని కింద గడ్డిపరక లేవదు. సముద్రపు తాబేలు వచ్చి మూరెడు లోతు గొయ్యి తీసి నూరుకు పైగా గుడ్లు పెట్టాలి కదా, అక్కడ వేళ్లు అడ్డం. పెట్టినా నీడకు ఇసక చల్లబడి, పుట్టేవన్నీ దాదాపు మగవే. మగపిల్లల కోసం మొక్కుకునే జాతికి ఇందులో లోపమేమీ కనబడదు.

ఇదే వైద్యం అక్కడి సేవణ్ గడ్డికీ చెయ్యాలి. ఈ గడ్డి దుబ్బులు ఇసకను కదలనివ్వవు, పశువులకు మేతవుతాయి. వాటి మధ్య నేలమీదే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పెట్టేది ఒక్కటే గుడ్డు. నలుదిక్కులా ఖాళీగా కనబడితే గానీ దానికి ధైర్యం ఉండదు. చెట్టు పెంచితే గుడ్డు జాడ చూడ్డానికి కాకులకు మంచె కట్టినట్టే. సర్కారు తుమ్మ అయితే మరీ చవక: మేకలు కాయ తిని, ఎరువుతో సహా గింజ నాటిపెడతాయి. నరికితే మొదట్లోంచి నాలుగు లేస్తాయి.

అక్కడ ముందే ఉన్న చెట్టు ఖేజ్డీ, అంటే మన జమ్మే. దాని కాయలు కూరకి, ఆకు మేకలకి, నీడన సజ్జ పంట. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయీ మతస్థులు ప్రాణాలిచ్చారు. అంత ఆవేశం దేనికి? మనమైతే దసరానాడు ప్రదక్షిణ చేసి, ఆకు జేబులో వేసుకుని, తర్వాత రోడ్డు వెడల్పుకి చెట్టు ఇచ్చేస్తాం.

ఇక కరెంటు తీగలు. మగ బట్టమేక 15 కిలోల దాకా తూగుతుంది, కళ్లేమో తలకి పక్కల. తిన్నగా ఎదరున్న తీగ ఆనదు, ఆనినా అంత బరువు చప్పున పక్కకి తిరగదు. తీగలు భూమిలోకి దించమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. అసలు లోపం పిట్ట చూపులో ఉంటే తీగనంటారేం? ఒక కంటి శిబిరం పెడితే సరి.

నీటి సంగతి పెద్దగా లేదు. చింకారా జింక ఆకుల్లో తడితోనే రోజులు నెట్టుకొస్తుంది. అయినా జాలిపడి చెరువు తవ్వాలి. నీళ్లుంటే ఊరకుక్కలొస్తాయి, గుడ్ల లెక్క అవే తేలుస్తాయి.

తేలాల్సింది సరుగుడు నారు మోసే లారీల బాడుగ ఒక్కటే. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రానక్కర్లేదు, అక్కడి ఇసక నింపుకు రావచ్చు. వంశధార, నాగావళిలో మనం తవ్వేసింది పూడ్చడానికి పనికొస్తుంది.