ఇంటిపేర్ల బాక్స్ స్కోరు గారికి

అయ్యా బాక్స్ స్కోరు గారూ,

మీరు క్షేమమని తలుస్తాను. క్షేమం కాక మీకేం? మ్యాచ్‌లో గోలు ఎవరు కొట్టారో, కీపర్ ఎన్ని ఆపాడో చెప్పే చిన్న పట్టికగా, స్పోర్ట్స్ పేజీ అడుగున, టైర్ల ప్రకటనకీ సంతాప వార్తలకీ మధ్య, రెండంగుళాల చోటులో డెబ్బై ఏళ్లుగా హాయిగా పడుకుని ఉన్నారు. కళ్లు పోతున్నది నావి.

నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు హైస్కూలు ఐస్ హాకీ చరిత్ర వెతుకుతుంటాను. స్కేట్ల మీద నిలబడటం కూడా రాదు, అది వేరే సంగతి. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి, పాత పేపర్ల మైక్రోఫిల్ము రీలు మెషీన్‌కి ఎక్కించి, చెయ్యి లాగేదాకా తిప్పుతాను. ఫిబ్రవరి కావాలంటే మార్చిలో ఆగుతుంది. కాస్త వెనక్కి తిప్పితే జనవరి. ఎట్టకేలకు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో తమరి దర్శనం. అక్కడున్నది 3 కావచ్చు, 8 కావచ్చు, ఫొటో తీసేనాటికి పేపరు మీద వాలిన ఈగ కూడా కావచ్చు.

పేర్ల సంగతి ముందు తేల్చుకుందాం. మేం తెలుగువాళ్లం ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి మనిషి పేరు నిండుగా రాస్తాం. మీరు మనిషిని మింగేసి ఇంటిపేరు మిగిల్చారు. పోనీ, అదైనా సరిగ్గా ఉందా? మిన్నెసోటా ఉత్తరాన ఐరన్ రేంజ్ అనే ఇనుప గనుల ప్రాంతపు ఊళ్లకి క్రొయేషియా, స్లొవేనియా, ఫిన్లాండ్, ఇటలీల నుంచి పని కోసం వచ్చిన కుటుంబాలెన్నో. వాళ్ల పిల్లలే ఆ జట్లు. నేను వెంటపడ్డ కుర్రాడొకడు మొదటి వారం మీ దగ్గర ‘కె’తో మొదలయ్యాడు, రెండో వారం ‘సి’తో, మూడో వారం చోటు చాలక తోక తెగిపోయాడు. ముగ్గురనుకుని ముగ్గురికీ విడివిడిగా కార్డులు రాసుకున్నాను. ఇంత మంచి కుర్రాళ్లు ముగ్గురూ తలో మ్యాచ్ ఆడి మానేశారేమిటా అని నెల్లాళ్లు బాధపడ్డాను కూడా.

అన్నదమ్ములుంటే ఇక చూడక్కర్లేదు. 1978లో రోజో అనే ఊరి జట్టులో నీల్ బ్రోటెన్, ఆరన్ బ్రోటెన్ కలిసి ఆడారు. వాళ్లిద్దరూ తర్వాత పెద్ద లీగుకి వెళ్లి పేరు తెచ్చుకున్నారు కాబట్టి ఎవరో ఒకరు లెక్క తేల్చి పెట్టారు. పేరు రాని అన్నదమ్ముల గతేమిటి? మీ లెక్క ప్రకారం ఇంటిపేరు ఇంటిపేరుకి పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందిస్తే ఇంటిపేరు గోలు కొట్టింది.

గొప్పవాళ్ల విషయంలో మాత్రం మీ జ్ఞాపకశక్తి అమోఘం. రాష్ట్ర టోర్నమెంటు 1945లో మొదలైంది. తొలి ఫైనల్లో ఐరన్ రేంజ్ ఊరు ఎవెలెత్ 4–3తో థీఫ్ రివర్ ఫాల్స్‌ని ఓడించింది. తర్వాత 1948 నుంచి 1951 దాకా వరసగా నాలుగేళ్లు కప్పు ఎవెలెత్‌దే. 1951లో ఆ జట్టు కుర్రాడు జాన్ మయాసిచ్ మూడు మ్యాచ్‌ల్లో 15 గోల్స్ కొట్టాడు, ఒక్క మ్యాచ్‌లోనే 7. ఇదంతా మీలో భద్రంగా ఉంది, కాదనను. కానీ అప్పట్లో మ్యాచ్‌లోని మూడు పీరియడ్లలో ఒక్కోటీ 12 నిమిషాలేననీ, ఇప్పుడు 17 అనీ మీరెక్కడైనా ఒక్క ముక్క చెప్పారా? ఇప్పటి కుర్రాడి పక్కన మయాసిచ్‌ని నిలబెట్టి పోల్చాలంటే ఆ ముక్కే కదా కావాలి. అడిగితే అది నా శాఖ కాదంటారు.

దెబ్బలూ మీ శాఖ కాదు. 1969 ఫైనల్లో వారోడ్ జట్టుకి ప్రాణంలాంటి హెన్రీ బూషే గాయపడి మ్యాచ్ మధ్యలోనే వెళ్లిపోయాడు. అతను లేకుండానే మిగిలిన పిల్లలు స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో ఎడైనాకి 5–4తో ఓడిపోయారు. మిన్నెసోటాలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఓటమి అది. మీకు మాత్రం 5–4, ఓవర్‌టైమ్. అంతే, తర్వాతి ఐటమ్.

గోల్‌కీపర్ల మీద మీకున్న కక్ష ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 1996 సెమీఫైనల్లో ఆపిల్ వ్యాలీ, డులూత్ ఈస్ట్ జట్లు ఐదు ఓవర్‌టైమ్‌లు ఆడి రాత్రి ఒంటిగంట దాటాక ముగించాయి. ఆపిల్ వ్యాలీ కీపర్ కార్ల్ గోరింగ్ ఆపిన షాట్లు 65. ఆ అంకె అందరికీ తెలుసు. అదే చిన్న ఊరి మామూలు శుక్రవారం మ్యాచ్‌లో, ఎముకలు కొరికే చలిలో, ఆరుబయట మంచు మీద నిలబడ్డ కీపర్ ఎన్ని ఆపాడు? మీ దగ్గర గీత ఉంది. సున్నా కూడా కాదు, గీత.

స్కూళ్లు కలిసిపోవడం మీ తప్పు కాదని ఒప్పుకుంటాను. ఎవెలెత్ ముందు గిల్బర్ట్‌తో కలిసింది, తర్వాత పక్కూరు వర్జీనియాతో కలిసింది (రాష్ట్రం కాదు, ఊరే). ఇప్పుడా బడి పేరు రాక్ రిడ్జ్. కప్పులు ఎవెలెత్‌వి, వారసత్వం ఎవరిదో తేల్చడానికి పంచాయతీ పెట్టాలి. అమ్మాయిల హాకీనైతే రాష్ట్ర లీగ్ గుర్తించిందే 1994లో. దేశంలో ముందుగా గుర్తించిన రాష్ట్రం ఇదేనట, గర్వంగా చెప్తారు. అంతకుముందు గడ్డకట్టిన కుంటల మీద ఆడిన అమ్మాయిలకి మీలో కనీసం గీత కూడా లేదు.

ఇక ఈ ఉత్తరానికి అసలు కారణం. ఒక చిన్న ఊరి జట్టు, 1950ల నాటిది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే లైనులో, అంటే కలిసి మంచు మీదకి దిగే దాడి ఆటగాళ్ల ముగ్గురిలో, ఆడేవారు. జిల్లా మ్యాచ్‌లో గెలిపించిన గోలు పక్కన మీరు యథాప్రకారం ఇంటిపేరు వేసి ఊరుకున్నారు. బడి ఇయర్‌బుక్ తిరగేశాను. ఫొటోలో పదిహేను మంది, కింద పద్నాలుగు పేర్లు. చివరికి అన్నగారు బతికే ఉన్నారని తెలిసి, తెర మీది మీ బొమ్మని కాగితం మీద అచ్చు తీసుకుని వెళ్లాను.

ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని, భూతద్దం పెట్టి, మిమ్మల్ని చాలాసేపు చూశారు. గోరుతో ఆ పేరు కింద గీశారు.

“ఈ గోలు మీదా, మీ తమ్ముడిదా?” అన్నాను.

“వాడు పోయేదాకా నాదేనని పోట్లాడాను,” అన్నారు. “ఇప్పుడు వాడిదని రాసుకో.”

రాసుకున్నాను. పూర్తి పేరుతో.

ఇట్లు,
తమరి కోసం కళ్లజోడు నంబరు రెండుసార్లు మార్చుకున్నవాడు