అద్భుతమట, కారణం లేదట!

మహారాష్ట్రలోని మన సిరొంచలో ఒక బడి జరిపిన గణిత దినోత్సవం నుంచి ఇప్పుడే తిరిగి వచ్చాను, ఒంట్లో మంట ఇంకా చల్లారలేదు. వేదిక వెనుక ఫ్లెక్సీ మీద 111111111 వర్గాన్ని జానెడేసి అంకెలతో 12345678987654300 అని అచ్చు వేయించారు. ఎక్సెల్ పదిహేను అంకెల తరువాత అన్నింటినీ సున్నాలు చేస్తుంది కాబట్టి, దానిలో లెక్కవేసి యథాతథంగా దించుకున్నారని చూడగానే తెలిసిపోతుంది. అసలు విలువ 12345678987654321. చివరి రెండు సున్నాలు తీసేస్తే మిగిలేది 3తో ముగుస్తోంది, 3తో ముగిసే సంఖ్య వర్గసంఖ్య కాజాలదని ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు. ముఖ్య అతిథికి తెలియనక్కరలేదు, ఆయన శాలువా కప్పించుకుంటే చాలు.

ప్రాణహిత నది అవతలి తెలంగాణ నుంచి కారులో వచ్చి తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడేవారంటే మనకు ఎంత మోజో, బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగుగా బతికే మన దాహం ఎంతటిదో వారికి బాగా తెలుసు. ఆ ధీమాతోనే ఆయన ఈ సంఖ్య దైవలీల అనీ, దీనికి కారణం ఏ శాస్త్రవేత్తా చెప్పలేడనీ సెలవిచ్చారు. కారణం చెప్పడానికి శాస్త్రవేత్త దేనికి? గుణకారాన్ని కాగితం మీద నిలువుగా వేస్తే, తొమ్మిది ఒకట్ల వరుస ఒక్కొక్క స్థానం ఎడమకు జరుగుతూ తొమ్మిదిసార్లు వస్తుంది. కూడేటప్పుడు కుడి చివర ఒకటి, దాని పక్కన రెండు, అలా పెరిగి నడుమ తొమ్మిది, అక్కడి నుంచి మళ్లీ తగ్గుతూ ఒకటి. ఏ మొత్తమూ తొమ్మిదిని దాటదు గనుక పక్క స్థానానికి చేరవేయవలసినది ఏదీ ఉండదు. అంతే లీల.

నన్ను ఎక్కువగా మండించినది మరొకటి. ముందు వరుసలోని ఒక పాప లేచి, పది ఒకట్లు తీసుకుంటే ఏమవుతుంది సార్ అని అడిగింది. ఆ సభ మొత్తంలో గణితం అనదగినది ఆ ఒక్క ప్రశ్నే, దానికి దక్కిన జవాబు "కూర్చోమ్మా". నడుమ పది పడి, ఒకటి ఎడమకు వెళ్లి అక్కడి తొమ్మిదిని సున్నా చేసి, ఆ పక్కనున్న ఎనిమిదిని తొమ్మిది చేస్తుంది. అందుకే 1234567900987654321 వస్తుంది, అందం చెడుతుంది. చెడే చోటు చూపిస్తేనే కదా, నిలిచినది ఎందుకు నిలిచిందో పిల్లలకు అర్థమయ్యేది!

ఈ సంఖ్యలో చెప్పవలసినవి లేకనా? దీని అంకెల మొత్తం 81; ఆ 81తోనే భాగిస్తే శేషం లేకుండా 12345679 వర్గం వస్తుంది, ఆ 12345679లో 8 కనబడదు. 3ను నాలుగుసార్లు, 37ను రెండుసార్లు, 333667ను రెండుసార్లు గుణిస్తే ఈ సంఖ్యే వస్తుంది, కాబట్టి ఆ సార్లకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే (5×3×3) దీనికి 45 భాజకాలు.

అంకెల మొత్తంతో భాగింపబడే సంఖ్యలకు హర్షద అని, ఈ తరహా సంఖ్యలకు డెమ్లో అని పేర్లు పెట్టినది దత్తాత్రేయ రామచంద్ర కప్రేకర్. డెమ్లో అంటే నేటి డోంబివలి స్టేషన్; ఆలోచన తట్టినది అక్కడే కాబట్టి ఆ పేరు. ఆయన 1930 నుంచి 1962 దాకా నాసిక్ పక్కన దేవలాలీలో బడిపంతులు. పై డిగ్రీ లేదు కాబట్టి పండితులు ఆయన పనిని పిల్లల ఆట అని నవ్వారు, 1975లో గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ అమెరికా పత్రికలో రాసిన తరువాత గానీ లోకం తలతిప్పి చూడలేదు. మన రాష్ట్రంలోనే బతికిన ఆ పంతులు పేరు ఈరోజు వేదిక మీద ఒక్కసారి కూడా వినబడలేదు. పిల్లలు లెక్కలంటే ఎందుకు భయపడుతున్నారో మాత్రం ముఖ్య అతిథి గంటసేపు విచారం వ్యక్తం చేశారు.